కంటి మచ్చ గొర్రె కుడి చెవి

సుధామణి ఫోటోను పోటీకి పెట్టిన ఆ ఆదివారం గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ముందుగా గోకుల్ మీద. ఆ తర్వాత ఎవరి మీదో చివర్లో చెబుతాను.

సుధామణిది తళి వైపు ఒక చిన్న పల్లె. ఊరి పక్కనే ఉన్న గ్రీన్‌హౌస్‌లో గులాబీలను కాడ పొడవు చూసి వేరు చేసి కట్టలు కట్టడం ఆమె పని. వేళ్ళ నిండా ముళ్ళ గాట్లే. ఆ వేళ్ళతోనే, మూల పగిలిన ఫోన్‌తో, పనికి పోయే దారిలో ఫోటోలు తీస్తుంది. మా హోసూరు ఫోటో గ్రూపులో కెమెరా లేని సభ్యురాలు ఆమె ఒక్కతే. లెన్సుల గురించి మేం గంటలకొద్దీ వాదించుకుంటుంటే ఆమె ఏమీ అనేది కాదు. పొద్దున ఆరింటికి మాత్రం ఒక ఫోటో పంపేది. అందులో వెలుగు ఎక్కడ పడాలో అక్కడే పడేది. అది నేర్పితే వచ్చే విద్య కాదు.

మా గ్రూపులో ప్రతి ఆదివారం ఒక ఆట ఉంది. ఒక సభ్యుడు ఎడిట్ చేయని ఫోటో ఒకటి పెడతాడు. మిగతావాళ్ళందరూ దాన్ని తమ ఇష్టం వచ్చినట్టు మార్చి సాయంత్రానికి పంపాలి. ఎక్కువ మందికి నచ్చినది గెలుస్తుంది. ఈ ఆట మొదలుపెట్టింది నేనే. గ్రూపు అడ్మిన్ని కూడా నేనే. సుధామణి వంతు రావడానికి రెండేళ్ళు పట్టింది. ఎందుకు పట్టిందని ఆమె ఏనాడూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

ఆమె పెట్టిన ఫోటోలో వాళ్ళత్త తిమ్మమ్మ, భుజాన కంబళితో, మంచులో మందను మిట్ట మీది నుంచి దింపుకొస్తోంది. అన్నిటికంటే ముందున్న గొర్రెకు ఎడమ కంటి చుట్టూ నల్ల మచ్చ. కుడి చెవి కొస రెండుగా చీలి ఉంది. అది గాయం కాదు, వాళ్ళింటి గుర్తు. అక్కడ గొర్రెలు కాసే చాలా ఇళ్ళకు ఒక్కో కోత ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడే చెవికి ఆ కోత పెడతారు. మందలు కలిసిపోయినా ఎవరి గొర్రె ఎవరిదో చెవే చెబుతుంది. ఈ సంగతంతా సుధామణి ఫోటో కింద ఓపిగ్గా రాసింది. చదివినవాడు ఒక్కడూ లేడు.

నలభై ఒక్క ఎడిట్లు వచ్చాయి. ఒకాయన వెనకాల ఏనుగులను దింపాడు. ఇంకొకాయన మంచును మంటగా మార్చాడు. గెలిచింది గోకుల్. బండి షోరూమ్‌లో మేనేజరు, చేతిలో ఖరీదైన కెమెరా. అతను తిమ్మమ్మ ముఖంలో ముడతలు రెట్టింపు చేసి, గొర్రె చెవి మాత్రం చక్కగా అతికించాడు. ముసలితనం కళట, చీలిన చెవి లోపమట. ఇంకా ఘోరం ఏమిటంటే, దాన్ని తను తీసిన ఫోటోనే అని చెప్పి ఒక ఎరువుల కొట్టు క్యాలెండర్‌కు ఇచ్చాడు. కింద సుధామణి పేరు లేదు. ఆ క్యాలెండర్ ఆ చుట్టుపక్కల ప్రతి ఇంటి గోడకూ ఎక్కింది.

రెండు నెలలకు ఆ మచ్చ గొర్రె తప్పిపోయింది. వారం తర్వాత పక్క ఊరి నంజప్ప మందలో కనబడింది. కుడి చెవి కొస అడ్డంగా తెగిపోయి ఉంది. కుక్క కొరికిందన్నాడు నంజప్ప. గొర్రె తనదేనన్నాడు. తిమ్మమ్మ ఊరి పెద్దమనిషి హనుమంతప్ప దగ్గరికి పోయింది. సుధామణి మా ఆదివారం ఆట సంగతి చెప్పి, తన ఫోన్‌లోని అసలు ఫోటో చూపించింది. నంజప్ప నవ్వి క్యాలెండర్ పట్టుకొచ్చాడు.

"ఆ ఫోన్లో ఉండేదే మార్చిన ఫోటో అప్పా. లేనిది పెట్టేదే వీళ్ళ ఆట. క్యాలెండర్లో చెవి నిండుగా ఉండాది, చూడు. మేం చెవికి కోత పెట్టం. మందలు కలిసినప్పుడు మా గొర్రెను ఆయమ్మ ఫోటో తీసింది, అంతే."

ఆ రోజు సుధామణి నాకు ఫోన్ చేసింది. "నా ఫోటోనే నాకు ఎదురు సాక్షి చెప్తా ఉండాదన్నా," అంది.

నేను గోకుల్‌కు ఫోన్ చేశాను. వచ్చి, చెవి అతికించింది తనే అని ఒక్క మాట చెప్పమన్నాను. ఒక గొర్రె కోసం తళి దాకా రావాలా అని అడిగాడు. పైగా క్యాలెండర్ వాళ్ళ ముందు తన పరువు పోతుందట. మనిషికి ఇంత సిగ్గు లేకపోతే ఎలా? పరువు గొర్రెను పోగొట్టుకున్నవాళ్ళకు ఉండదా? దొంగ కత్తితో చేసిన పనే ఇతను వేలితో ముందుగా చేసిపెట్టాడు. ఆ మాట అతనితోనే అని ఫోన్ పెట్టేశాను.

సుధామణి ఫోన్‌లో గ్రూపు పాత మెసేజీలు నిలవలేదు, నా ఫోన్‌లో ఉన్నాయి. మర్నాడు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి బండి మీద వాళ్ళ ఊరికి వెళ్ళాను. సుధామణి ఫోటో గ్రూపులో ఏ తేదీన వచ్చిందో, దాని కింద ఆమె ఏం రాసిందో, ఆ తర్వాత గోకుల్ ఎడిట్ ఎప్పుడొచ్చిందో హనుమంతప్పకు వరుసగా చూపించాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని రెండు ఫోటోలూ మార్చి మార్చి చూశాడు. తర్వాత గొర్రెను దగ్గరికి లాగి చెవి పట్టుకున్నాడు.

"కుక్క కొరికితే ఇంత నేరుగా తెగదు నంజప్పా," అన్నాడు.

నంజప్ప తల దించుకున్నాడు. తిమ్మమ్మ గొర్రె మెడకు తాడు వేసింది. నాకు ఎంతో ఘనకార్యం చేసినట్టనిపించింది.

అప్పుడు తిమ్మమ్మ నా ఫోన్ అడిగింది. తన ఫోటోను ఎవరెవరు ఏమేం చేశారో చూడాలంది. సుధామణి పక్కన నిలబడి ఒక్కొక్కటే జరుపుతూ పేర్లు చదివింది. ఏనుగులు పోయాయి, మంటలు పోయాయి. నా పేరు వచ్చింది. సుధామణి చదవడం ఆపేసింది.

నలభై ఒకటిలో ఒకటి నాది. చూపు నేరుగా గొర్రెల మీద పడాలని, అడ్డంగా ఉన్న మనిషిని తీసేశాను. కర్రా కంబళీ సహా తీసేసి ఆ చోట మంచు నింపాను. ఎంత శుభ్రంగా వచ్చిందో అని ఆ రోజు మురిసిపోయాను కూడా.

తిమ్మమ్మ ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా పట్టుకుంది.

"గొర్రెలు బాగుండాయప్పా," అంది. "మేపేది ఎవురు?"

ఫోన్ తీసుకుందామని చెయ్యి చాచాను. ఆమె ఇవ్వలేదు. జవాబు కోసం నా ముఖంలోకి చూస్తూ నిలబడింది.