వదిన పరిచి వెళ్లిన చేపలు

మొన్న ఆదివారం పొద్దున భీమిలి నుంచి ఫోన్ వచ్చింది. మా వారి అక్క, నాకు వదిన, ఒడ్డున చేపలు ఎండకు పరిచి లేవబోతూ కూలిపోయింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. తలలో నరం చిట్లిందన్నారు.

నా రెండు కాన్పులకూ పని మానుకుని వచ్చి నన్ను చూసుకున్న మనిషి. కంచరపాలెంలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఒక ఎండు చేపల పొట్లం తెచ్చేది.

"బస్సులో వాసనకి నా పక్కన ఎవులూ కూసోలేదే మరదలా. కాళ్లు సాపుకుని మారాణీనాగ వచ్చాను!"

ఆమెకు బీపీ ఉందని తెలిశాక ఎవరేం చెబితే అది చేసింది. పరగడుపున వెల్లుల్లి నమిలింది. మునగాకు రసం తాగింది. రాగి కడియం తొడుక్కుంది. ప్రాణాయామమని కళ్లు మూసుకుని ఊపిరి బిగబట్టింది. రోజంతా ఉప్పులో చేతులుంచే మనిషి చప్పిడి కూడు తింటుంటే నాకు ఏడుపొచ్చేది.

డాక్టరు అవేవీ వద్దనలేదు. మాత్ర మానొద్దన్నాడు, అంతే. ఆమె వేసుకోనిది ఆ ఒక్కటే.

"ఏసుకుంటే రోగం ఉన్నట్టే కదే. ఏసుకోపోతే బాగున్నట్టు."

ఇంట్లో ప్రతిదీ ఒక పద్ధతిగా నడిపే నాకు ఈ ఒక్క మనిషిని దారికి తేవడం చేతకాలేదు. బతిమాలాను, తిట్టాను, మాట్లాడటం మానేశాను. చివరికి ఒకరోజు అడిగాను.

"వదినా, చేపను ఒక వైపే ఎండబెడతావా?"

"ఒక్కేపే ఎండితే రెండో ఏపు కుళ్లిపోద్ది. తిరగెయ్యాల."

"నీ మునగాకు ఒక వైపు. మాత్ర రెండో వైపు."

నా ముఖంలోకి చూసింది. "ఓలమ్మో, నా సేపల్తోనే నన్ను కొడతన్నావా!" అని పకపకా నవ్వి, నా చేతిలోని మాత్ర తీసుకుని మింగింది.

ఆ తర్వాత రోజూ వేసుకుంది. బీపీ దిగింది. దిగిందన్న సంతోషంతో మళ్లీ మానేసిందని, శవం పక్కన కూర్చుని ఆమె కోడలు చెప్పింది. "బాగైపోనాది, ఇంకెందుకే?" అందట. వెల్లుల్లి ఆ ఉదయం కూడా నమిలిందట.

మర్నాడు అంతా అయ్యాక ఒడ్డుకు వెళ్లాను. పాత వల మీద ఆమె పరిచిన చేపలు అలాగే ఉన్నాయి. కొన్నిటిని కాకులు ఎత్తుకుపోయాయి, తోలేవాళ్లు కూడా లేరు. ఒకటి తీసి చూశాను. పైవైపు గలగలలాడేలా ఎండింది. కింది వైపు ఇంకా తడి. అక్కడే కూలబడి ఒక్కొక్కటే తిరగేస్తూ ఉండిపోయాను.

ఎండ అప్పటికే వెళ్లిపోయింది.