రైలు బొమ్మలో తలెత్తని ఆవులు

నేను రాసిన మూడు ఉత్తరాలకూ మా తెలుగు సంఘం ఏటా వేసే సంచిక వాళ్లు ఇంతవరకు కాగితం మీద ఒక్క ముక్క జవాబివ్వలేదు. మూడోది స్వయంగా తీసుకెళ్లి సంపాదకురాలి చేతికే ఇచ్చాను. ఆవిడ నోటిమాటతో సరిపెట్టారు. అందుకే జరిగిందంతా ఇక్కడ రాస్తున్నాను.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులవి. సింగపూర్‌లో, బూన్ లేలో ఒక ఫ్లాట్‌లో నేనూ, నాతోపాటు రాఫెల్స్ ప్లేస్‌లో పనిచేసే మిత్రుడూ ఉండేవాళ్లం. ఆదివారాలు అతను క్రికెట్‌కు వెళ్తే నేను జురాంగ్ ఈస్ట్ లైబ్రరీకి వెళ్లేవాణ్ని. అక్కడ పందొమ్మిదో శతాబ్దపు ప్రకృతి చిత్రాల పుస్తకం దొరికింది. పల్లెల్లోకి రైలు కొత్తగా వచ్చిన కాలం అది. కొందరు చిత్రకారులు రైలును మీద పడబోయే భూతంలా గీశారు. కొందరు చెట్ల వెనక సన్నని పొగగా దాచేశారు. ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాను. లోయలో వంతెన, దానిమీద రైలు, ముందు పచ్చికలో నాలుగు ఆవులు. ఒక్కటీ తలెత్తలేదు. ప్రకృతికీ యంత్రానికీ కుదిరిన శాంతి అని కింద ఎవరో పండితుడు రాశాడు.

నాకు నవ్వొచ్చింది. మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టాల పక్క క్వార్టర్లో పెరిగాను. “కొత్తగా లైనేసినప్పుడు గేదెలు పలుపులు తెంపుకుని పరిగెత్తేవిరా. ఏడాది తిరిగేసరికి మేత కూడా ఆపేవి కావు. లైను వయసు తెలియాలంటే గొడ్లని చూడు” అనేవాడు. అంటే ఆ చిత్రకారుడు చాలా ఆలస్యంగా వచ్చాడు. పొలాలు పోయిన ఏడుపులు, భయాలు అన్నీ అయిపోయాక వచ్చాడు. పండితుడు శాంతి అనుకున్నది వట్టి అలవాటు.

ఇదంతా వ్యాసంగా రాశాను. పన్నెండు పేజీలు, చేత్తో. తెలుగు ఫాంటు మా మిత్రుడి కంప్యూటర్లోనే ఉండేది. మాలో ఎవరి శుభలేఖైనా అతను టైపు చేయాల్సిందే. జెరాక్సు కూడా తీయించకుండా కాగితాలు అతనికి ఇచ్చేశాను.

“టెన్షన్ పడకు గురూ. టైప్ చేసి డైరెక్టుగా ఆంటీకి మెయిల్ కొట్టేస్తా” అన్నాడు. ఆంటీ అంటే ఆ సంపాదకురాలే.

సంచిక వచ్చింది. వ్యాసం కింద అతని పేరుంది. మా నాన్న మాట ఉన్నదున్నట్టే ఉంది, ముందు మాత్రం “మా ఊళ్లో గ్యాంగ్‌మన్ ఒకాయన అనేవాడు” అని చేర్చారు. వాళ్ల ఊరికి రైలే లేదు.

మర్నాడు తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్ పెట్టి నా కోసం కుర్చీ ఆపి ఉంచాడు.

“రా గురూ. ముందు మకాన్ తిందాం, తర్వాతే మాటలు.”

“నా వ్యాసం కింద నీ పేరేంటి?”

“నా మెయిల్ నుంచి వెళ్లింది కదా, ఆంటీ నాదే అనుకున్నారు. నాకూ అచ్చయ్యాకే తెలిసింది.”

“మరి మా నాన్న ఒకాయన ఎలా అయ్యాడు?”

“మా నాన్న టీచర్ కదా గురూ. ఆయన్ని గ్యాంగ్‌మన్ అని రాస్తే ఊళ్లో నవ్వరూ?”

“అంటే అచ్చు కాకముందే నీ పేరు పెట్టుకున్నావన్నమాట.”

కాసేపు నూడుల్స్ కలిపాడు. “అబ్బ, నాలుగు ఆవుల కోసం ఇంత గొడవా?”

“ఈ ఊళ్లో టిష్యూ ప్యాకెట్ పెట్టిన కుర్చీని కూడా ఎవరూ ముట్టుకోరు. పన్నెండు పేజీలకు ఆ పాటి మర్యాద లేదా?”

“డైలాగులొద్దు గురూ!” అని నవ్వాడు.

మూడో ఉత్తరం చేతికిచ్చినప్పుడు సంపాదకురాలిదీ అదే ధోరణి. “పోనీలే బాబూ, ఫ్రెండ్సే కదా. వచ్చే ఏడు నీదింకోటి వేద్దాం లే.”

నాకు ఇంకోటి అక్కర్లేదు ఆంటీ. సవరణ వేస్తారా, వెయ్యరా? ఆ ఒక్క మాట చెప్పండి. ఇక నువ్వు, మిత్రమా. ఎండలో సుత్తి భుజానేసుకుని జీవితమంతా పట్టాల వెంట నడిచిన ఆ మనిషి నాకు నాన్న. నీకెవరు? కాగితం మీద రాసి, సంతకం పెట్టి జవాబివ్వు.