ఎస్తరక్క కరెంటు మిషను

మా చిద్రి ఊర్ల ఆడోళ్ల బట్టలు కుట్టే ఎస్తరక్క అంటే అందరికి ఎరుకే. ఇరవై ఆరేండ్ల నుంచి ఒకటే దుకాణం, ఒకటే కుట్టుమిషను. జాకెట్లు, నైటీలు, బడి పిల్లల యూనిఫారాలు. పదకొండేండ్ల కింద ఆమె దగ్గర పని నేర్చుకోను వచ్చిన జగదేవిని నేను. మాది దుబల్గుండి, పెండ్లయి ఇక్కడికొచ్చిన. ఇప్పుడు నాకు గూడ ఒక మిషను ఉన్నది, ఇద్దరం ఎదురెదురుంగ కూసోని కుడుతం. ఆమెకు జరిగిన బేఇజ్జతి నా కండ్ల ముందే జరిగింది. ఆమె ఎవరికి చెప్పుకోదు. నాకే కోపం ఆగక చెప్తున్న.

పోయిన వానకాలంల ఎస్తరక్క నడక మారింది. కుడికాలు మోపినప్పుడల్ల మనిషి ఒక పక్కకు ఒరుగుతుండె. స్టూలు మీది నుంచి లేవాలంటే బల్ల పట్టుకోవాలె. చర్చికి ఉన్నయే ఆరు మెట్లు, అవి గూడ గోడ పట్టుకొని ఎక్కుతుండె. నడుము నొప్పే అనుకొని మందులు పూసింది, గోళీలు మింగింది. ఏం తగ్గలె. ఆఖరికి దవాఖానల డాక్టరు, కండలకు కసరత్తు చేయించే శివాని మేడం దగ్గరికి పొమ్మని రాసిచ్చిండు. తోడుగ నేను పోయిన.

శివాని మేడం చిన్న వయసు మనిషి. ఎస్తరక్కను ఒంటికాలు మీద నిలబడమన్నది. నిలబడంగనే తుంటి ఒక దిక్కు జారింది.

"అక్కా, మీ నడుముకేం కాలేదు. కూసోని కూసోని మీ పిర్రల కండలు నిద్రపోయినై. అవి చేసే పని నడుము మీద పడింది. అందుకే నొప్పి" అన్నది.

ఆ మాట వినంగనే ఎస్తరక్క తలుపు దిక్కు చూసింది, ఎవరన్న విన్నరా అని. మేడం నవ్వింది. "చెయ్యిని చెయ్యి అంటం, కాలును కాలు అంటం. దీన్ని ఒక్కదాన్ని పేరు పెట్టి పిలవొద్దా అక్కా?"

తర్వాత అరచెయ్యంత మిషను ఒకటి తీసింది. దానికి నాలుగు తీగలు, తీగల కొసకు అంటుకునే పట్టీలు. అవి తుంటి వెనుక అంటిస్తే సన్నగ కరెంటు పోయి కండను గుంజుతది. రోజు దుకాణం బంద్ పెట్టి ఇక్కడికి రాలేరు గదా, గిసొంటిది ఒకటి తెప్పించుకొని ఇంట్ల పెట్టుకోండ్రి అన్నది. ఎట్ల వాడాలెనో కన్నడల రాసిచ్చింది. నేను చదివింది కన్నడ బడే గనక ఎస్తరక్కకు చదివి చెప్పిన: తోలు తడి లేకుండ తుడుచుకోవాలె, నూనె పూయొద్దు. చిన్న నంబరు నుంచి మొదలుపెట్టాలె. దినం తప్పి దినం పదిహేను నిమిషాలు. గుండెకు మిషను పెట్టించుకున్నోళ్లు, కడుపుతోని ఉన్నోళ్లు, మూర్ఛ వచ్చేటోళ్లు దీన్ని ముట్టనే వద్దు.

"మిషను పెట్టుకొని ఊకె పండుకుంటే కండ ఎగురుతది, అంతే. అది గుంజినప్పుడు మీరు గూడ పిర్ర ఎత్తాలె. పని మీది, మిషను జర లేపి కూసోపెడ్తది" అన్నది మేడం.

ఆ మిషను నా ఫోన్ల నేనే తెప్పించిన. ఎస్తరక్క ఇంటాయన ఏసప్ప మామ నీళ్ల పంపు కాడ డ్యూటీల ఉంటడు. ఇంట్ల ఎవరుండరని దుకాణం అడ్రస్ ఇచ్చిన. అదే నేను చేసిన తప్పు. పార్సల్ వచ్చిన దినం మేం ఇద్దరం శివాని మేడం దగ్గర ఉన్నం. తెచ్చినాయన పక్కన ఉన్న సొలొమోనన్న కిరాణ దుకాణంల పెట్టిపోయిండు. సొలొమోనన్న ఎస్తరక్క పోయే చర్చిల సంఘ పెద్ద. డబ్బకు పై కాగితం గూడ లేదు. దాని మీద బిగుతు చెడ్డీ వేసుకున్న ఒక పడుచుపిల్ల బొమ్మ, వెనక్కి తిరిగి నిలబడి. కింద 'పదిహేను దినాలల్ల అందమైన ఆకారం' అని రాత.

ఆ డబ్బను సొలొమోనన్న భార్య ప్రేమమ్మ చూసింది. ఇంకేం కావాలె? మేం తిరిగి వచ్చేలోపట సగం గల్లీకి తెలిసిపోయింది. యాభై రెండేండ్ల ఎస్తర్ పిర్రలు గుండ్రంగ చేసుకోను కరెంటు మిషను తెప్పించిందట. రెండు దినాలు దుకాణానికి వచ్చిన ప్రతి ఆడమనిషి ముందు అక్క ముఖం చూసుడు, తర్వాత కిందికి చూసుడు. ఇద్దరు పడుచులైతే కొంగు నోట్ల కుక్కుకొని నవ్విన్రు. ఏసప్ప మామ డ్యూటీ నుంచి వస్తుంటే ఎవడో, "ఏం మామా, ఇంట్ల కరెంటు జాస్తి అయిందట" అన్నడట. ఆయన అసలే మాట తక్కువ మనిషి. ఇంటికొచ్చి, "ఆ డబ్బ వాపస్ పంపియ్యి" అన్నడు.

"నేను కుంటుకుంట నడిస్తే నీకు షరం కాలె, సక్కగ నడుస్తనంటే సిగ్గయితాందా?" అని ఎస్తరక్క అడిగిందట. డబ్బ వాపస్ పోలె.

శుక్రవారం పొద్దుగూకక ముందే సొలొమోనన్న, ప్రేమమ్మ దుకాణానికి వచ్చిన్రు. నేను లేచిపోబోతే ఎస్తరక్క కూసోమన్నది.

"ఎస్తరమ్మా, చర్చి స్త్రీల సమాజంల పాట ఎత్తేదానివి నువ్వు. నలుగురు నిన్ను చూస్తరు. ఈ వయసుల గిసొంటి సోకులెందుకు? మన సాక్ష్యం, సంఘం మంచిపేరు పాడైతది" అన్నడు సొలొమోనన్న.

"ఏం సోకులన్నా?"

"అదే... ఆ నడుము కిందికి..."

"పిర్రలు అను అన్నా. దేవుడు నీకు గూడ ఇచ్చిండు, వాటి మీదనే కూసుంటవు. పోయినేడు నీ మోకాలికి ఆపరేషన్ అయితే సంఘమంత ఉపవాసం ఉన్నం. నీ మోకాలు చూసి ఎవరన్న నవ్విన్రా? అది సోకు అన్నరా? నా కండ చచ్చుబడితే అది తమాషా ఎట్లయింది?"

ప్రేమమ్మ నడుమ అందుకున్నది. "డబ్బ మీద గట్లాంటి బొమ్మ ఉంటే అనుకోరా మరి?"

గప్పుడు లేచింది ఎస్తరక్క. బల్ల పట్టుకొనే లేచింది. గుంజుతున్న కాలు మీదనే నిలబడి, అలమారల నుంచి కొలతల నోటుబుక్కులు తీసి బల్ల మీద కొట్టింది. దుమ్ము లేచింది.

"ఇవి చూడు వదినా. ఇరవై ఆరేండ్ల కొలతలు. ఎవలి ఛాతీ ఎంత, ఎవలి తుంటి సీటు ఎంత, కాన్పు తర్వాత ఎవలికి ఎంత పెరిగింది, రోగంతోని ఎవలికి ఎంత తగ్గింది, అన్ని నాకెరుక. నీయి గూడ ఉన్నై. ఒక్క కొలత ఒక్క మనిషికి చెప్పిన్నా? ఆపరేషన్ల ఒక రొమ్ము తీసేసినామెకు లోపల గుడ్డ పెట్టి జాకెట్లు కుట్టి ఇస్తున్న. ఆమె ఎవలో ఈ జగదేవికి గూడ తెల్వదు. నేను గిన్నేండ్లు మీ అందరి ఇజ్జత్ నా అలమారల పెట్టి తాళం వేసిన. మీరు నా ఒక్క డబ్బను ఒక్క పూట దాచలేకపోయిన్రా?"

నిజంగనే, ఆమె ఎవరో నాకు ఈ దినం వరకు తెల్వదు. పదకొండేండ్లు ఎదురుంగ కూసున్న, ఎన్నడు నా చెవిల పడలె.

సొలొమోనన్న "ప్రార్థన చేద్దం" అన్నడు. "నేను చేసుకుంట అన్నా, మీరు పోండ్రి" అన్నది ఎస్తరక్క.

స్త్రీల సమాజానికి పోవుడు ఎస్తరక్క ఆ దినమే బంద్ చేసింది. ఆ తర్వాతి దినం నుంచే మిషను మొదలైంది. శివాని మేడం చూసి, మిషను మంచిదే గని డబ్బ మీది రాత నమ్మొద్దని చెప్పింది. పట్టీలు వెనుక అంటించుకునుడు ఒక్క మనిషితోని కాదు. మొదటి వారం పగలు అన్నం తిన్నంక దుకాణం పరదా గుంజి నేనే అంటించిన. మొదలు చీమలు పారినట్లున్నది అన్నది, తర్వాత లోపలి నుంచి ఎవరో గుంజినట్లున్నది అన్నది. చాప మీద ఎల్లెలుకల పండుకొని మోకాళ్లు మడిచి, మిషను గుంజినప్పుడల్ల తుంటి పైకి ఎత్తుతుండె. పది మాట్లు ఎత్తేవరకు చెమటలు పట్టేది. రెండో వారం ఏసప్ప మామ తనంతట తనే, "ఎట్ల అంటించాలెనో నాకు చూపియ్యి జగదేవమ్మా" అని అడిగిండు. సిగ్గుతోని ఆయన చెవులు ఎర్రబడ్డై, గని నేర్చుకున్నడు.

ఆరు వారాలైనంక ఎస్తరక్క టేపు తీసి తన సీటు తానే కొలుచుకున్నది. మొదలు నలభై రెండు ఇంచులు, ఇప్పుడు గూడ నలభై రెండే. "ఆకారం గీకారం అంత అబద్ధమే జగదేవీ. ఇట్ల రాసి ఎంతమంది పడుచుపిల్లలను ఆగం చేస్తున్నరో" అని అట్టడబ్బను నాలుగు ముక్కలు చింపింది. గని ఇప్పుడు బల్ల పట్టుకోకుండ లేస్తుంది. చర్చి మెట్లకు గోడ అక్కర్లేదు. ఒరుగుడు ఇంక కొంచెం ఉన్నది, ఇంక ఆర్నెల్లు పడ్తదని మేడం అన్నది.

ఇక్కడితోని అయిపోయిందనుకున్న. ఒక దినం ఎండపూట ప్రేమమ్మ ఒక్కతే దుకాణానికి వచ్చింది, తలనిండ కొంగు కప్పుకొని. జాకెట్ పేరు చెప్పి కూసున్నది. ఆఖరికి చిన్నగ అడిగింది: "ఆ మిషను రెండు వారాలు ఇస్తవా? నాకు గూడ జర బాగైతదేమో."

నాకైతే నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలె. ఎస్తరక్క మాత్రం నవ్వలె. ప్రేమమ్మకు రెండేండ్ల కింద హైదరాబాద్‌ల గుండెకు మిషను పెట్టిన్రు. జాకెట్ మెడ ఆ దిక్కు ఒత్తకుండ కుట్టేది ఎస్తరక్కనే.

"నీకు ఇది పనికిరాదు వదినా. ఈ కరెంటు నీ గుండె మిషను మీద పడ్తది. ప్రాణానికి ముప్పు."

"ఇయ్యబుద్ధి కాదని చెప్పు" అని ప్రేమమ్మ లేచి పోయింది. ఈ మాట గూడ గల్లీల తిరిగింది. ఎస్తర్ ఎంత పిసినారి, పక్కింటోళ్లకు మిషను గూడ ఇయ్యదు!

వారానికి ఇంకొక సంగతి తెలిసింది. ప్రేమమ్మ తన మేనకోడలితోని గసొంటి మిషనే తెప్పించుకున్నదట. బట్ట కత్తిరిస్తున్న కైంచి ఎస్తరక్క చేతిలనే ఆగిపోయింది. "పోనియ్యి అక్కా, నిన్ను గంత మాట అన్న మనిషి" అన్న. ఆమె నా మాట పట్టించుకోకుండ లేచి పక్క దుకాణానికి నడిచింది, నేను వెనుక పోయిన.

కిరాణ దుకాణంల నలుగురు గిరాకీలున్నరు. వాళ్ల ముందు ఒక్క మాట అనలె. "వదినా, జర లోపలికి రా" అని ప్రేమమ్మను ఇంట్లకు తీసుకపోయింది. ఆమె ఫోన్ల నుంచే గుండె దవాఖానకు చేయించింది. అవతలి నర్సు, "అసలు ముట్టుకోవద్దమ్మా, పెట్టుకున్నరా ఏంది?" అని కేకేసింది. అది నాకు బయటికి వినబడ్డది. పట్టీలు ఇంక విప్పనే లేదట, అదృష్టం. తెల్లారి ఆ మిషను వాపస్ పోయింది.

గదానికి ప్రేమమ్మ ఏమన్నదో తెలుసా? "హైదరాబాద్ డాక్టర్ను నేనే ముందు అడిగిన" అని అందరికి చెప్పుకున్నది. ఎస్తరక్క పేరే ఎత్తలె.

ఈ సంగతి ఎట్లనో వాళ్ల చర్చి పాస్టరమ్మ చెవిన పడింది. దుకాణానికి వచ్చి, "ప్రేమమ్మను క్షమించు ఎస్తరమ్మా, సమాజంల మల్ల పాట ఎత్తు" అన్నది.

"క్షమిస్తనమ్మా, క్షమించనని ఎక్కడ అన్న? ముందు ఆమెను తప్పైందని అననియ్యిండ్రి. నలుగురిల అన్న మాట, నలుగురిలనే వాపస్ తీసుకోవాలె."

ఇది జరిగి నాలుగు నెలలైంది. ప్రేమమ్మ అనలె. ఎస్తరక్క ఆదివారం చర్చికి పోతది, స్త్రీల సమాజానికి పోదు. ఆమె లేకుంటే అక్కడ పాట శ్రుతి తప్పుతున్నదట, తప్పనియ్యి. ఈ నడుమ ముగ్గురు ఆడోళ్లు, నవ్వినోళ్లల్ల ఇద్దరు గూడ వాళ్లల్లనే, "మాకు గూడ తుంటి గుంజుతాంది అక్కా" అని చిన్నగ వచ్చి అడుగుతున్నరు. ఎస్తరక్క శివాని మేడం అడ్రస్ రాసిచ్చి పంపుతాంది. నేనైతే ఆ అడ్రస్ రాసియ్యకపోదును.