గట్టిగా చెప్పాల్సిన మాట

ఆ గ్రంథాలయంలో ఆమెను అందరూ చాటుగా "నిజంగారు" అనేవాళ్ళు. ఆ పేరు రావడానికి పెద్ద కథేమీ లేదు. ఒకసారి ఒక గుమాస్తా కొత్తగా జుట్టు కత్తిరించుకుని వచ్చి, "ఎలా ఉందండీ?" అని అడిగింది. ఈమె కుర్చీ చుట్టూ తిరిగి శ్రద్ధగా చూసి, "వెనకాల ఎడమపక్క ఎక్కువ పోయింది" అని చెప్పి, అడిగిన సాయం చేశానన్న తృప్తితో తన పనికి పోయింది. ఆ గుమాస్తా మళ్ళీ ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడటం లేదని ఆమె గమనించేసరికే చాలా రోజులు గడిచాయి. ఎందుకో తెలిసేసరికి గుమాస్తాకు బదిలీ అయిపోయింది.

చిరిగిన పుస్తకాలకు కుట్టు వేసి అట్ట కట్టడం ఆమె ఉద్యోగం. గ్రంథాలయం అడుగున, మెట్లు దిగి వెళ్ళే గది ఒకటుంది. పొడవాటి బల్ల, జిగురు గిన్నె, కాగితాలు అదిమిపెట్టే ఇనుప మర. గోడలు మందం కాబట్టి వీధి చప్పుడు లోపలికి రాదు. మనకు చప్పుడు చెవి దగ్గర ఆగిపోతుంది. ఆమెకు పళ్ళలోకి దిగుతుంది. పైన ఎవరైనా కుర్చీ ఈడిస్తే చేతిలో సూది ఆగిపోయేది. అది అందరికీ అంతేననీ, వాళ్ళు ఓర్చుకుంటున్నారనీ, తనకే ఓర్పు తక్కువనీ నలభై దాటేదాకా ఆమె నమ్మకం.

ఇలాంటి మనిషిని మైకుసెట్లు అద్దెకిచ్చే ఆయనకిచ్చి పెళ్ళి చేశారు. సంబంధం అక్క చూసింది. అబ్బాయి నలుగురితో కలుపుగోలుగా ఉంటాడు, మా చెల్లెలిక్కూడా నాలుగు మాటలు నేర్పుతాడు అనుకుంది. అక్కను తప్పుపట్టడానికేమీ లేదు. ఆయన నిజంగానే మంచివాడు.

కింద షాపు, పైన రెండు గదుల ఇల్లు. పొద్దున్నే బాక్సులు వరసగా పెట్టి, "హలో, హలో, వినపడుతోందా?" అని ఒక్కొక్కటే పరీక్షించేవాడు. గచ్చు అదిరేది. ఆమె వంటగదిలో గోడకు నుదురు ఆనించి నిలబడేది. సాయంత్రమైతే స్నేహితులు. ఆయనకు మనుషులు లేకపోతే ఊపిరాడదు. నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే ఆమెకు అందులో ఒక్క మాటా విడిగా వినిపించేది కాదు. అన్నీ కలిసి ఒకే హోరు. కాసేపు నవ్వు మొహంతో కూర్చుని, స్నానాలగదిలోకి వెళ్ళి దీపం ఆర్పేసి, తలుపు వెనక నేలమీద కూర్చునేది. వెళ్ళేటప్పుడు ఎవరైనా మర్యాదకు, "ఇక బయల్దేరతామమ్మా" అంటే, వెంటనే లేచి వాళ్ళ గొడుగు తెచ్చి చేతికిచ్చేది. మొదట్లో ఆయన పడీపడీ నవ్వేవాడు. పోనుపోను నవ్వడం మానేశాడు.

"ఏమైంది నీకు?" అనేవాడు.

"ఏమీ కాలేదు" అనేది. అదీ నిజమే. కొత్తగా ఏమీ కాలేదు. ఆమె పుట్టిందే అలా.

ఆయన నాన్న పోయిన రోజున ఆ కాపురం విరిగింది. ఇల్లంతా మనుషులు, ఏడుపులు, అగరొత్తుల పొగ. ఆయన మధ్యగదిలో గోడకు జారగిలబడి చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఆమె గుమ్మం దాకా వెళ్ళింది. కాలు లోపల పెట్టబోతే ఒళ్ళంతా సెగ తగిలినట్టయింది. అంత దుఃఖానికి ఎదురెళ్ళి ఏమనాలో తెలియలేదు. ఆయనకేదైనా చెయ్యాలి, ఏం చెయ్యను, ఏం చెయ్యను అనుకుంటూ షాపులోకి దిగింది. ముందురోజు తెచ్చి పడేసిన వైర్లు చిక్కులు పడి కుప్పగా ఉన్నాయి. చిక్కుపడిన వైరు చూస్తే ఆయనకు ప్రాణం విసుగెత్తుతుందని ఆమెకు తెలుసు. కూర్చుని అన్నీ విప్పి, చుట్టలు చుట్టి, కొక్కేలకు తగిలించింది. ఆ రోజు ఆయనకు చెయ్యగలిగిన ప్రేమంతా ఆ పనిలో చేసింది.

"మామగారు పోతే కోడలు కింద కూర్చుని వైర్లు చుడుతోంది" అని ఎవరో పైకి వెళ్ళి చెప్పారు. ఆయన మెట్లమీద నుంచి తొంగిచూశాడు. వెనక్కి తిరిగి పైకెళ్ళిపోయాడు. కర్మకాండలన్నీ అయ్యాక పెట్టె సర్ది, అక్క ఇంట్లో దింపేసి వెళ్ళాడు. దింపేటప్పుడు, "నేనంటే పడదని ముందే చెబితే సరిపోయేది కదా" అన్నాడు. విడాకులు గొడవలేమీ లేకుండానే అయిపోయాయి.

ఆ తరువాత చాలా ఏళ్ళు ఆమె ఒక్కతే ఉంది. ఒక గది అద్దెకు తీసుకుంది. పుస్తకాలు కుట్టుకుంది. ఆదివారాలు అక్క ఫోను చేసేది, "తిన్నావా?" అనేది. "తిన్నాను" అనేది. ఇక ఇద్దరికీ ఏమీ తోచేది కాదు.

ఇంతలో గ్రంథాలయానికి కొత్త అధికారి వచ్చాడు. మనుషులు అడుగు గదిలో చెమ్మలో పనిచెయ్యడమేమిటని జాలిపడి, ఆమె బల్లను పైన పెద్ద హాల్లోకి మార్పించాడు. జెరాక్స్ మిషను ఒకపక్క, గుయ్యిమనే ట్యూబులైట్లు నెత్తిమీద, వచ్చేపోయేవాళ్ళు వెనక. ఆమె వారాల తరబడి పళ్ళు బిగబట్టింది. ఒకరోజు మధ్యాహ్నం మిషను గీపెట్టి మొరాయించింది, ఇద్దరు దాని మీద చేత్తో బాదారు, పక్కన ఎవరిదో ఫోను మోగింది. అంతే, ఆమె చేతిలోని పుస్తకం కింద పెట్టి, బల్ల కిందికి దూరి, చెవులు మూసుకుని ముందుకూ వెనక్కూ ఊగడం మొదలుపెట్టింది. పిలిస్తే పలకలేదు. మాట రాలేదు. అక్కకు కబురు పంపారు.

మానసిక వైద్యం చేసే డాక్టరమ్మ తొందరపడలేదు. ఎన్నోసార్లు రమ్మంది, ఎన్నో అడిగింది. ఒకసారి అక్కను కూర్చోబెట్టి, "చిన్నప్పుడు ఎలా ఉండేది?" అంది.

"బుద్ధిమంతురాలండీ. ఒక మూల కూర్చోబెడితే పొద్దుపోయేదాకా అక్కడే ఉండేది. చుట్టాలొస్తే మాత్రం బట్టల బీరువాలో దూరేది."

"మీరేం చేసేవాళ్ళు?"

"ఏముంది, తలుపు తీసి చూపించి నవ్వుకునేవాళ్ళం" అని, అక్క ఆ మాట దగ్గరే ఆగిపోయింది.

డాక్టరమ్మ చివరికి ఆ మాట చెప్పింది. ఆటిజం. అక్క గాభరాపడి, "అది చిన్నపిల్లలకు కదండీ వచ్చేది?" అంది.

"ఆ పిల్లలు పెద్దవాళ్ళవుతారు కదమ్మా. అప్పుడెక్కడికి పోతుంది?" అని, ఈమె వైపు తిరిగింది. "ఇది జబ్బు కాదు. పుట్టుకతోనే మీ మెదడు అల్లుకున్న తీరు. చప్పుడూ, వెలుతురూ, ఎదుటివాళ్ళ మొహమూ, మాటా, అన్నీ ఒకే జోరుతో మీ మీదికి వచ్చేస్తాయి. ఏది పట్టించుకోవాలో, ఏది వదిలెయ్యాలో ఎంచుకోవడం మిగతావాళ్ళకు తెలియకుండానే జరిగిపోతుంది. మీరు ప్రతిదీ చేత్తో ఏరుకోవాలి. అందుకే సాయంత్రానికి అంత అలసట."

ఆమె చాలాసేపు తన చేతులు చూసుకుంది. "అయితే మిగతావాళ్ళు ఓర్చుకోవడం లేదా?" అని అడిగింది.

"లేదు. వాళ్ళకు అంత వినపడదు."

ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. కష్టమంతా తరువాత మొదలైంది. గిన్నె తోముతుంటే ఒక పాత రోజు, బస్సులో కూర్చుంటే ఇంకొకటి గుర్తొచ్చేవి. ప్రతిచోటా తను ఏమై ఉందో, ఎదుటివాళ్ళు ఏమనుకుని ఉంటారో ఇప్పుడు కనిపిస్తోంది. మరీ ముఖ్యంగా షాపు మెట్లమీద నుంచి తొంగిచూసిన ఆ మొహం.

"నేను వెళ్ళి ఆయనకు చెప్పాలి" అంది అక్కతో.

"నీకేమైనా మతిపోయిందా? ఆయనకు పెళ్ళయింది, కూతురుంది. ఇప్పుడు వెళ్ళి ఏం సాధిస్తావే?"

"ఏమీ సాధించను. ఆయన తప్పుగా అర్థం చేసుకుని కూర్చున్నాడు. సరిగ్గా చెప్పి వచ్చేస్తాను."

అక్క తల కొట్టుకుంది.

షాపు అదే వీధిలో ఉంది. బాక్సులు మాత్రం పెద్దవయ్యాయి. బల్ల దగ్గర ఒకామె మోచేతికీ అరచేతికీ మధ్య వైరు చుడుతోంది. "ఏం కావాలండీ? ఇంట్లోకా, బయటికా?" అంది.

"నాకు మైకు వద్దు. నేను ఆయన మొదటి భార్యను."

ఆమె చేతులు ఆగిపోయాయి. ఎగాదిగా చూసి, లోపలికి వెళ్ళి ఆయన భుజం తట్టి తీసుకొచ్చింది. ఆయన జుట్టు నెరిసింది. చెవిలో వినికిడి మిషను ఉంది. ఒక్క క్షణం తేరిపార చూసి, అలవాటు కొద్దీ నవ్వేశాడు.

"నువ్వా! చూశావా, నీ ఉసురు తగిలింది. చప్పుడు వద్దు వద్దు అనేదానివి. ఇప్పుడు నాకు చప్పుడే లేకుండా పోయింది!"

"నేను ఉసురు పెట్టలేదు" అంది ఆమె, కంగారుగా.

తరువాత, ఇంట్లో అద్దం ముందు నిలబడి సాధన చేసిన మాటలు మొదలుపెట్టింది. ఆయన చెవి ముందుకు వంచాడు. "ఆఁ? గట్టిగా చెప్పు." మళ్ళీ చెప్పింది. వీధిలో లారీ పోయింది. "గట్టిగా, గట్టిగా!" అన్నాడు. ఆమెకు గొంతు పెంచడం రాదు. పెంచితే తన గొంతే తన పళ్ళలోకి దిగుతుంది. వెళ్ళిపోదామని వెనక్కి తిరిగింది కూడా.

వైరు చుట్టే ఆమె చేతిలోది కింద పడేసి, ఆయన మంచి చెవి పక్కకు వచ్చి నిలబడింది. "మీరు మామూలుగా చెప్పండి. నేను అందిస్తాను" అంది.

అలా ఒక భార్య మెల్లగా చెబుతుంటే ఇంకొక భార్య దాన్ని గట్టిగా ఆయన చెవిలో వేసింది.

"పుట్టుకతోనే అలా ఉందట. డాక్టరు ఇప్పుడు చెప్పారట... మీ స్నేహితులొస్తే లేచి వెళ్ళిపోయింది మీరంటే పడక కాదట. ఆ గోలకట... మామయ్యగారు పోయిన రోజు వైర్లు చుట్టింది మీకోసమేనట. లోపలికి రావడం చేతకాలేదట. మీకు చిక్కులంటే విసుగని, అదైనా చేద్దామనుకుందట."

ఆయన మెల్లగా ఒక బాక్సు మీద కూర్చున్నాడు. నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది.

"నేనేమనుకున్నానో తెలుసా? నేను గదిలోకొస్తే నువ్వు లేచి వెళ్ళిపోయేదానివి. నాలోనే ఏదో ఉంది, అది ఆడవాళ్ళకు పడదు అనుకున్నా. దీన్ని చేసుకునే ముందు కూడా అడిగా, 'నా పక్కన కూర్చోగలవా?' అని."

"అడిగారు. పిచ్చాయన అనుకున్నాను" అంది రెండో ఆమె.

ఆయన నేల చూస్తూ, "మరి అప్పుడు నేనంటే ఇష్టమేనా?" అని అడిగాడు.

ఆమె ఆలోచించింది. నిజం చెప్పడానికి సమయం పడుతుంది. "మీరు నిద్రపోయాక మీ పక్కన కూర్చునేదాన్ని. మీ ఊపిరి తప్ప ఏ చప్పుడూ ఉండేది కాదు. ఆ కాసేపటి కోసమే పగలంతా భరించేదాన్ని" అంది.

రెండో ఆమె నోరు తెరిచి, మూసుకుంది. ఆయన, "ఏమంటోంది?" అన్నాడు. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, వంగి, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పింది.

ఆయన మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. "అప్పుడే తెలిసుంటే..." అన్నాడు.

ఆమె ఎదురుచూసింది. "తెలిసుంటే?"

"ఏమో. షాపు ఎత్తేసేవాణ్ణా? లేదులే. ఎత్తేసేవాణ్ణి కాదు." కళ్ళు తుడుచుకుని లేచాడు. "సరే, అప్పుడప్పుడూ వస్తూ ఉండు."

రెండో ఆమె వీధి దాకా వచ్చింది. అక్కడ ఈమె నిలబడి అడిగింది. "ఆయన నిజంగా రమ్మన్నారా? మాటవరసకా?"

"మాటవరసకేలే అక్కా. ఏమీ అనుకోకు."

ఏమీ అనుకోలేదు. తనకు ఎవరూ అంత విడమరిచి చెప్పలేదు. ఇలాంటి మనిషి పక్కన ఉండుంటే బతుకు ఎంత తేలికగా ఉండేదో అనుకుంది. ఆ మనిషి ఆయన భార్య కాబట్టి మళ్ళీ ఆ వీధికి వెళ్ళలేదు.

డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం చూసి గ్రంథాలయంవాళ్ళు ఆమె బల్లను అడుగు గదికి దింపారు. అందరూ మంచిగా ఉన్నారు. మరీ మంచిగా ఉన్నారు. ఆమె ఎదురుపడితే గొంతు తగ్గించి, రోగి పక్కన నడిచినట్టు నడుస్తారు. నిజంగారు అనడం ఎవరో మాన్పించారు. దాని బదులు ఇంకేమీ అనడం లేదు. జుట్టు ఎలా ఉందని ఎవరూ అడగరు. అడిగితే ఏం చెప్పకూడదో ఇప్పుడు ఆమెకు తెలుసు.

మొన్న ఒక సాయంత్రం అక్క గదికి వచ్చింది. ఎప్పుడూ రాగానే మీదపడి వాటేసుకునే మనిషి గుమ్మంలోనే ఆగి, "పట్టుకోవచ్చా?" అని అడిగింది. తనను ఎవరైనా అలా అడగడం అదే మొదలు. ఆ రోజు బస్సులో జనం ఎక్కువ, ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది.

"ఇవాళ వద్దక్కా" అంది.

"సరేలే" అంది అక్క. మొహం చిన్నబోయింది. అది చిన్నబోవడమేనని ఆమెకు స్పష్టంగా తెలిసింది. ఏం చేస్తే మళ్ళీ మామూలవుతుందో మాత్రం తెలియలేదు. మంచానికి ఆ చివర అక్క, ఈ చివర ఆమె కూర్చుని కాఫీ తాగారు. చీకటి పడేముందు అక్క, "ఇక వెళ్తానే" అంది. అది మాటవరసకో నిజమో తేల్చుకోలేక ఆమె తటపటాయిస్తుండగానే అక్క చెప్పులు వేసుకుంది.