పసుపు దారం కట్టిన పిస్తోలు

దయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్ముతున్నానని చెప్పలేను. ఎమ్మిగనూరులో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి పెరిగినవాణ్ణి. ఐదో తరగతితో బడి మానేశాను. ఇంతకుముందు ఏదీ రాయలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, తప్పులుంటే మన్నించండి.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. నూలు దొరక్క మగ్గం ఆగిపోతే ఆదోనిలో ఒక సావుకారు ఇంట్లో పనికి చేరాను. ఆయనకు పత్తి మిల్లు ఉండేది. పాత పిస్తోళ్ళు కొని దాచుకోవడమంటే ఆయనకు పిచ్చి. తెల్లదొరలు పోతూ పోతూ అమ్మినవి, బళ్ళారిలో, మద్రాసులో వేలం పాడినవి, మొత్తం పదకొండు. అన్నీ ఆరు గుళ్ళవే. అన్నిటి మీదా చెక్కుడు పని. తీగలు, ఆకులు, జింకలు.

ఆ చెక్కిన గీతల్లో తుప్పు పట్టకుండా చూడటమే నా పని. అంత సన్న గీతల్లోకి బట్ట పోదు. నూలు పోగును నూనెలో తడిపి ఒక్కో గీతలో లాగేవాణ్ణి. నేత వేళ్ళు కాబట్టే నన్ను పెట్టుకున్నాడు.

ప్రతి శుక్రవారం తుడవాలి. తుడిచే ముందు గుళ్ళ చక్రం ఊడదీసి కిటికీ వైపు పట్టాలి. ఆరు కన్నాల్లోంచీ వెలుతురు రావాలి. అది సావుకారు కళ్ళారా చూడాలి. ఇంట్లో ఒక్క తూటా లేకపోయినా ఈ పద్ధతి మాత్రం తప్పనిచ్చేవాడు కాదు.

వాటిలో ఒకటి నెమలి పిస్తోలు. గొట్టం పొడుగునా నెమలి పింఛం చెక్కి ఉండేది. దానికి సరిపోయే తూటాలు చేయడం ఎప్పుడో మానేశారని, మద్రాసులో కూడా దొరకవని సావుకారే చెప్పాడు.

సావుకారు బామ్మర్ది గురప్పది హాలహర్వి ఊరు. మంచివాడే, కానీ తమాషా ఎక్కువ. చుట్టాలు కూర్చున్నప్పుడు ఆ నెమలి పిస్తోలు కణతకు ఆనించుకుని మీట నొక్కేవాడు. టక్కుమనేది. ఆడవాళ్ళు కెవ్వుమనేవాళ్ళు. ఆయన పగలబడి నవ్వేవాడు.

ఆ ఏడు ఆయుధ పూజకు పదకొండూ పీట మీద వరసగా పెట్టాం. కుంకుమ పెడితే గీతల్లోకి దిగి పాడవుతుందని సావుకారు వద్దన్నాడు. మా నేతవాళ్ళ పద్ధతి ఒకటి ఉందని చెప్పాను. ఆ రోజు మేం మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెకు పసుపు దారం కడతాం. మర్నాడు పూజ చేసి విప్పేదాకా దాన్ని ముట్టం. ఆయనకు అది నచ్చింది. ముందు కిటికీ దగ్గర అన్నిటి కన్నాలూ చూపించాను. తర్వాత తూటాను వెనకనుంచి కొట్టే ఘోడా లేవకుండా, చక్రం మీదుగా ఐదు చుట్లు చుట్టి నేత ముడి వేశాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, వసారా నిండా చుట్టాలుండగా గురప్ప నెమలి పిస్తోలు చేతికి తీసుకున్నాడు.

"ఏమప్పా తిమ్మప్పా, దీనికి తాళి కట్టినావే! ఇప్పు."

"ఈ పొద్దు ఇప్పగూడదన్నా. రేపు పూజ చేసి ఇప్పుతా."

"ఖాళీ పిస్తోలుకు ఇంత మడా? నువ్వు ఇప్పుతావా, నన్ను పంటితో కొరకమంటావా?"

అందరూ నవ్వారు. ఆయన అప్పటికే గొట్టం కణతకు పెట్టుకుని, గోటితో ముడి గీకుతున్నాడు. సావుకారు నా వైపు చూశాడు.

"మా బామ్మర్ది అడగతాండాడు గదరా. ఇప్పు."

"తిండి లేని ఏడు గూడా మా నాయన కట్టిన నాడె ముట్టలేదు సామీ. పనిలోంచి తీసేసినా సరే, నేను ఇప్పను."

ఆ మాట అంటూనే గురప్ప చేతిలోంచి పిస్తోలు లాక్కున్నాను. ఎలా చేశానో నాకే తెలియదు. వసారాలో ఎవరూ నవ్వలేదు.

"రేపు మూట కట్టుకో" అన్నాడు సావుకారు. అన్నీ అద్దాల బీరువాలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున నేను మూట కట్టుకునే ఉన్నాను. దారాలు విప్పి పొమ్మని సావుకారు పిలిచాడు. బీరువా ఆయనే తెరిచాడు. తుపాకిమందు కాలిన వాసన ముక్కుకు కొట్టింది.

పది పిస్తోళ్ళకు దారాలు కట్టినట్టే ఉన్నాయి. నెమలిదానికి ఐదు చుట్లూ తెగి, కొసలు నల్లగా కాలిపోయి ఉన్నాయి. దాని గొట్టానికి ఎదురుగా బీరువా వెనక చెక్కకు వేలు పట్టేంత బొక్క. అద్దం పగల్లేదు. పక్క గదిలో పడుకున్న ఆడవాళ్ళు చప్పుడేదీ వినలేదన్నారు. బీరువా జరిపి గోడ గార అంతా గీకించాడు. గుండు దొరకలేదు.

చక్రం ఊడదీసి కిటికీ వైపు పట్టాను. ఐదు కన్నాల్లోంచే వెలుతురు వచ్చింది. ఆరో దాంట్లో కాలిపోయిన ఇత్తడి తూటా డొల్ల ఇరుక్కుని ఉంది.

గురప్ప దాన్ని చూసి నేల మీద కూలబడ్డాడు. చాలాసేపు కణత రుద్దుకుంటూనే ఉన్నాడు. ఆ రోజే బస్సెక్కి ఉరుకుంద గుడికి పోయి తల గొరిగించుకున్నాడు.

"మూట ఇప్పు తిమ్మప్పా" అన్నాడు సావుకారు.

కట్టే ముందు ఆరు వెలుతుర్లూ నేను చూశాను, ఆయనా చూశాడు. నేను విప్పనన్నది పద్ధతి కోసమే. నాకు ముందే ఏదో తెలుసని ఆ ఇంట్లో అనుకునేవాళ్ళు. నాకేమీ తెలియదు.

ఆ దారం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. చుట్లన్నీ కాలి తెగిపోయాయి. గురప్ప గోటితో గీకిన ముడి మాత్రం నేను వేసింది వేసినట్టే ఉంది.