చిన్నాన్న రాడ్డు కొన్న వర్షాకాలం

ఇంట్లో వ్యాయామానికి ఎలాంటి బార్బెల్ కొనాలని పొద్దున్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో అడిగారు. నేను భోజనానికి కూర్చునేసరికి జవాబులతో పాటు చంకలు చూపిస్తూ తీయించుకున్న ఫోటోలు వచ్చిపడ్డాయి. ఫోను బోర్లించి కంచం ముందు నుంచి లేచిపోయాను. ఒంటిని ఇలా పదిమంది ముందు ఆరబెట్టుకోవడం మా వంశంలో ఎరగం. అయినా బార్బెల్ అనగానే చిన్నాన్న గుర్తొచ్చారు.

కోస్తాలో రైసు మిల్లులు నడిపిన కుటుంబం మాది. అవి పోయాక చిన్నాన్న, పిన్ని, నేను మల్కాజ్‌గిరిలో రెండు గదుల వాటాలో అద్దెకు చేరాం. మిల్లులు పోయినా ఒక పద్ధతి పోలేదు. మా ఇంటి మగవాళ్లు కిందున్నదాన్ని నడుం వంచి తీయరు. కండువా జారినా ఎవరో ఒకరు తీసి చేతికివ్వాలి. అద్దె ఇంట్లో ఆ ఎవరో ఒకరు మా పిన్నే.

కొన్నేళ్ల కిందట చిన్నాన్న స్కూటరు మీంచి పడి కుడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నారు. కట్టు విప్పాక చెయ్యి నోటిదాకా లేవలేదు. పిన్ని ముద్దలు పెట్టేది. మీసానికి పప్పు, గడ్డం మీద మజ్జిగ. చూడలేక నా కంచం వరండాలోకి తీసుకుపోయేవాణ్ణి. ఇలాగే వదిలేస్తే చెయ్యి శాశ్వతంగా బిగుసుకుపోతుందనీ, ఇంట్లో తేలికపాటి బార్బెల్ ఎత్తమనీ డాక్టరు చెప్పాడు. రెండు చేతులూ ఒకే రాడ్డు పట్టుకుంటే బాగున్నది బాగాలేనిదాన్ని వెంట లాక్కొస్తుందట.

మోండా మార్కెట్ వెనక సందులో మూతబడ్డ జిమ్ముల సామాను అమ్మే దుకాణానికి వెళ్లాం. పాత రబ్బరు, తుప్పు, ఎవరెవరివో చెమటలు కలిసిన కంపు. ఒక ఇనుప బిళ్లకు నమిలిన చూయింగ్ గమ్ అంటుకుని ఉంది. నేను దేన్నీ ముట్టుకోలేదు. చిన్నాన్న పొట్టి రాడ్డు మీద చెయ్యి వేయబోయారు. దుకాణదారు ఆపాడు.

"అది హల్కా మాల్ సాబ్. ఆడోళ్లు, పోరగాళ్లు కొంటరు. మీ అసొంటోళ్లకు గీ ఏడడుగులది ఉండాలె. స్టాండ్ సుత ఇస్తా, వంగే తక్లీఫ్ ఉండదు."

తేలికైనదాన్నీ, చవకబారుదాన్నీ ఇక్కడ ఒకే మాటతో హల్కా అంటారు. డాక్టరు చెప్పింది మొదటిది, చిన్నాన్న చెవిన పడింది రెండోది. పైగా పొట్టి రాడ్డు స్టాండు కొమ్ములకు అందదు, నేల మీంచి ఎత్తుకోవాల్సిందే. పొడవాటి రాడ్డు, స్టాండు ఆటోలో మల్కాజ్‌గిరికి వచ్చాయి.

ఖాళీ రాడ్డే ఇరవై కిలోలు. ఎడమ కొస లేచేది, కుడి కొస కదిలేది కాదు. వారం తిరిగేలోగా, బయట వానలు పట్టుకోవడంతో, దాని మీద పిన్ని బట్టలు ఆరేసింది, వాటి పక్కన ఇంటిగలావిడ తన లంగాలు కూడా వేసింది. వాటి నీళ్లు నా చెప్పుల్లోకి కారేవి. ఆ చెప్పులు మళ్లీ తొడుక్కోలేదు.

చివరికి పిన్నే మోండా మార్కెట్‌కు వెళ్లి రాడ్డు మార్చుకొచ్చింది. పొట్టిదాన్ని చిన్నాన్న కాళ్ల ముందు నేల మీద పెట్టింది.

"తీసి ఇవ్వు" అన్నారాయన.

"ఇవ్వనండీ. చెయ్యి కావాలో నడుం కావాలో మీరే తేల్చుకోండి. రేపట్నించి దీన్ని ఎత్తేదాకా ముద్దలు కూడా పెట్టను."

మర్నాడు చిన్నాన్న మధ్యాహ్నం దాకా దాని ముందు కుర్చీలో కూర్చున్నారు. కంచంలో అన్నం ఎండిపోయింది. ఆకలి ముదిరాక లేచి, గోడకేసి తిరిగి, వంగారు. చొక్కా పైకి లేచి వీపు బయటపడింది, గొంతులోంచి గేదె మూలిగినట్టు శబ్దం వచ్చింది. నేను గుమ్మం దాకా వెనక్కి జరిగాను. అయినా రాడ్డు రెండు వైపులా సమానంగా లేచింది.

వానలు వెనక్కి తగ్గే వేళకు చిన్నాన్న తన చేత్తో పప్పన్నం తిన్నారు. సగం చొక్కా మీదే పోసుకున్నారు, వేళ్లు చప్పుడయ్యేలా నాకారు. మూడు తరాలు నిటారుగా ఉంచిన నడుం ఒక పూటలో వంగింది, ఆ చెయ్యి నోటిదాకా రావడానికి మాత్రం వర్షాకాలం మొత్తం పట్టింది.