నీళ్ల కూత

పెద్దారవీడు దాటాక, నల్లమల కొండలు నేలకు దిగి అలసి ఆగిపోయినట్టుండే చోట, నాగులు టీ అంగడి ఉంది. గొంతు పోకముందు కాటమరాజు ఆ అంగడి బల్ల మీద కూర్చుని లోకంలోని ఫోన్లన్నింటికీ తీర్పులు చెప్పేవాడు.

ఆయనకు అరవై దాటాయి. ఎనభై గొర్రెల మంద ఉంది. మెడలో నల్లదారానికి కట్టిన బటన్ల ఫోను ఉంది. దాన్ని మోగినప్పుడు ఎత్తడానికి, చీకట్లో లైటు వేయడానికి తప్ప ఇంకెందుకూ వాడేవాడు కాదు. వాడకపోవడం వల్లే తనకు ఫోన్ల సంగతి బాగా తెలుసని ఆయన నమ్మకం.

"వేలు తగిలితే తెరుచుకునే తలుపు ఎవడన్నా ఇంటికి పెట్టుకుంటాడంట్రా?" అనేవాడు టచ్ ఫోన్ల గురించి.

ఒకసారి ఊరికి కొత్తవాళ్లెవరో ఫోను చెప్పిన దారిని నమ్ముకుని కారును వాగు ఇసుకలో దింపారు. వాళ్లు చెమటలు కక్కుతూ తోస్తుంటే కాటమరాజు గట్టు మీద గొంగడి పరుచుకుని కూర్చుని చూశాడు. సాయం పట్టలేదు. కారులోపల ఫోనులో ఆడగొంతు ఇంకా, ముందుకు వెళ్లండి, ముందుకు వెళ్లండి అంటూనే ఉంది.

"ఆ యమ్మ ఎప్పుడన్నా ఈ పక్క నడిచినాదా?" అని అడిగాడు వాళ్లను. "నడవని దారి చెప్పేదానికి సిగ్గుండాల."

నాగులు ఆన్‌లైన్లో తలకు కట్టుకునే లైటు తెప్పించుకున్నాడు. నాలుగున్నర చుక్కల రేటింగు ఉందని అంగడికి వచ్చినవాళ్లందరికీ ఫోనులో చూపించాడు. ఎనిమిదో రోజుకు అది ఆరిపోయింది.

"మేము చుక్కల్ని చూసి దారి పట్టినోళ్లం. మీరు చుక్కల్ని చూసి లైటు కొన్నోళ్లు" అన్నాడు కాటమరాజు. అంగడంతా నవ్వింది. నాగులు నవ్వలేదు. ఆ మాటను గ్లాసులు కడిగే నీళ్లలో ముంచి ఎక్కడో దాచుకున్నాడు.

కాటమరాజుకు ఇంత ధీమా ఉండటానికి కారణం ఆయన గొంతే. ఆయన దగ్గర ఒక కూత ఉంది. దాన్ని నీళ్ల కూత అనేవారు. అందులో మాటలు లేవు. ముందు గొంతు అడుగున చిన్న వణుకు, ఆ తర్వాత నిదానంగా పైకి లేచే పొడవాటి 'ఓ', చివర నాలుకతో రెండు టకటకలు. ఎండ కాలంలో మిట్టమధ్యాహ్నం ఆ 'ఓ' రాళ్ల మీద పాకితే, నీడ ఒకటి లేచి నడుస్తున్నట్టుండేది. కంపచెట్ల కింద చెదిరిన మంద తల ఎత్తేది. ముందు బొల్లి కదిలేది. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న ముసలి గొర్రె అది. దాని వెనక మిగతావన్నీ కదిలేవి.

ఆ కూతకు ఒక కట్టుబాటు ఉంది. నీళ్ల ఒడ్డున నిలబడి మాత్రమే వేయాలి. సూదిమందుకు పిలవడానికి వేయకూడదు, ఉన్ని కత్తిరించడానికి వేయకూడదు. అమ్మకానికి అసలే వేయకూడదు. గొర్రెను అమ్మితే కొన్నవాడే దొడ్డిలో దిగి వెనక కాలు పట్టి ఈడ్చుకుపోవాలి. పెంచినవాడు అటు తిరిగి తలపాగా సర్దుకోవాలి. కాటమరాజుకు ఇది వాళ్ల నాయన చెప్పాడు. ఆయనకు వాళ్ల నాయన చెప్పాడు.

గొర్రెల బేరగాడు వెంకటస్వామి మార్కాపురం వైపు నుంచి లారీ వేసుకుని వచ్చినప్పుడల్లా దుమ్ములో పొర్లి ఆయాసపడేవాడు.

"ఒక్క కూతెయ్ మామా. అవే వచ్చి ఎక్కుతాయి. నా నడుము మిగుల్తాది."

"గొర్రెను కొన్నావు. గొంతును కొన్లేదు" అనేవాడు కాటమరాజు, వీపు అటే ఉంచి.

ఆ గొంతులో పుండు పుట్టింది. నలభై ఏళ్ల బీడీలు అక్కడ గూడు కట్టాయి. గొంతుపెట్టె తీసేస్తే మనిషి మిగులుతాడని, మాట మిగలదని డాక్టర్లు చెప్పారు.

ఆపరేషన్‌కు గుంటూరు పోయే ముందురోజు ఉదయం కోడలు కవిత తన ఫోను పట్టుకుని, కొడుకు రమణను వెంటబెట్టుకుని వాగు దగ్గరికి వచ్చింది. "మామా, ఏదన్నా మాట్లాడు. రికార్డు చేసి పెట్టుకుంటా. రేపు మాకు వినాలనిపిస్తే ఉంటాది."

"ఏం మాట్లాడాల?"

"ఏదో ఒకటి. మీ కొడుకును పిలువు. నన్ను తిట్టు."

ఎదురుగా ఉన్న మనిషిని పిలవడం ఏందో, తప్పు చేయని కోడలిని తిట్టడం ఏందో ఆయనకు అర్థం కాలేదు. రమణా అని ఒకసారి అనబోయి సిగ్గుపడి ఆపేశాడు. ఫోటో తీయించుకునేవాడు ఉన్నదాంట్లో మంచి చొక్కా తొడుక్కుంటాడు. తనకున్న మంచి చొక్కా ఒక్కటే. వాగు నీళ్లలో కాళ్లు పెట్టి నిలబడ్డాడు. పుండు గీరుకుంటున్నా నీళ్ల కూతను మొదలు నుంచి చివరి వరకు వేశాడు. మంద వచ్చి తాగింది. కవిత ఏడుస్తూ రికార్డింగు ఆపింది.

కొడుకు పేరు పలికి ఉంటే సరిపోయేది. పలకలేదు.

నెల తర్వాత మెడలో రంధ్రంతో, దాని మీద తెల్లగుడ్డతో తిరిగొచ్చాడు. బటన్ల ఫోను ఇంక ఆయనకు పనికిరాదు. ఎత్తి ఏం చెబుతాడు? కవిత తన పాత టచ్ ఫోనును ఆయన మెడలో అదే నల్లదారానికి కట్టింది. అందులో బొమ్మలు నొక్కితే మాట్లాడే యాప్ వేసింది. గ్లాసు బొమ్మ నొక్కితే ఒక పట్నం ఆడగొంతు, "నాకు కొంచెం నీళ్లు ఇవ్వండి" అనేది. కంచం బొమ్మ నొక్కితే అన్నం అడిగేది. అడ్డగీత కొట్టిన కంచం బొమ్మ నొక్కితే, "నాకు ఇప్పుడు అన్నం వద్దండి" అనేది. ఇంకొకటి నొప్పికి. చదువురాని మనిషికి నాలుగు బొమ్మలు చాలనుకుంది కోడలు.

ఆయన అంగడికి వెళ్లి గ్లాసు బొమ్మ నొక్కాడు. బల్ల మీద వాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.

"ఓయబ్బ, కాటమరాజన్న పట్నం యమ్మను తగులుకున్నాడురోయ్!"

"వాగులో కారు దించినాదే, ఆ యమ్మేనా అన్నా?" అన్నాడు నాగులు. ఎన్నాళ్లుగానో దాచుకున్నది బయటికి తీశాడు. "కొత్త గొంతుకు ఎన్ని చుక్కలిస్తావు? నాలుగున్నరా?"

కాటమరాజు వేలెత్తి పైకి చూపించాడు. పగటి ఆకాశం. ఒక్క చుక్క కూడా లేదు. ఆ జవాబు ఎవరికీ అందలేదు. నాగులు నీళ్లు ఇచ్చాడు. ఆయన అడిగింది టీ. టీకి బొమ్మ లేదు.

మంద కూడా ఆయనను వదిలేసింది. చప్పట్లు కొట్టినా, కర్రతో రాయి మీద మోదినా గొర్రెలు ఒకసారి చూసి మళ్లీ గడ్డిలో మూతి పెట్టేవి. బొల్లి ఆయన పక్కనే నిలబడి ఎటో చెవులు నిక్కబొడిచి వినేది. మెడలో గాలి బుసలు కొట్టే ఈ మనిషి ఎవరో దానికి తెలియదు. అది వింటున్నది ఈయన కోసమే.

ఆ రికార్డింగును బయటికి తీసింది కొడుకు రమణ. బండి హ్యాండిల్‌కు తగిలించే బ్లూటూత్ స్పీకరు ఒకటి తెచ్చి, కవిత ఫోను నుంచి కూతను తన ఫోనుకు పంపుకున్నాడు. వాగు ఒడ్డున బండి ఆపి నొక్కాడు.

వణుకు. 'ఓ'. రెండు టకటకలు.

ఎనభై తలలు లేచాయి. ఎండలో దుమ్ము లేచింది. కాటమరాజు దారిలో నిలబడి రెండు చేతులూ చాచాడు. ఎదురొచ్చిన నీటిని రాయి చీల్చినట్టు మంద ఆయన దగ్గర రెండుగా చీలి, ఆయనను దాటాక మళ్లీ ఒకటైంది. బండి చుట్టూ మూగింది. బొల్లి స్పీకరు జల్లెడను నాకింది.

"చూస్తివా నాయనా! యాడికీ పోలేదు నీ గొంతు!" అన్నాడు రమణ.

కాటమరాజు కళ్లు తుడుచుకున్నాడు. సంతోషమే. వాగు పక్కనే ఉంది, నీళ్లున్నాయి, కూత అబద్ధం కాలేదు. ఆ వారమంతా ఆయన బండి వెనక నడిచాడు. తన గొంతు ముందు పోతుంటే తాను వెనక పోయాడు. సాయంత్రం స్పీకరుకు చార్జింగు పెట్టేది కూడా ఆయనే.

ఆ తర్వాత వెంకటస్వామి లారీ వచ్చింది.

కాటమరాజు అప్పుడు వాగు ఇసుకలో నీళ్ల చెలమ తోడుతున్నాడు. ఆయనకు చెప్పలేదు. చెప్పినా జవాబు వినడానికి ఎవరికీ తీరిక లేదు. ఎండలు ముదురుతున్నాయి, గొర్రెల వెంట తిరగడం నా వల్ల కాదు, కంభంలో బండ్ల షాపులో పనికి కుదిరినాను అని రమణ నెల నుంచి అంటున్నాడు. మందంతా ఇచ్చేయడానికి మాట అయింది.

"ఎనభైని పట్టేలోపల పొద్దు మునుగుతాది రమణా" అన్నాడు వెంకటస్వామి లుంగీ ఎగ్గట్టి.

"పట్టేది ఏంది బావా. నువ్వు నీడలో కూచో." రమణ లారీ ఎక్కి, లోపలి చివర స్పీకరు పెట్టి, దిగి వచ్చి నొక్కాడు.

చెలమలో వంగి ఉన్న కాటమరాజుకు తన గొంతు వినిపించింది. నీళ్లు లేని వైపు నుంచి.

ఆయన పరుగెత్తాడు. మెడ మీది గుడ్డ జారింది, రంధ్రంలో దుమ్ము చేరి దగ్గు తన్నుకొచ్చింది. చేరేటప్పటికి బొల్లి లారీ వెనక వాల్చిన పలక మీద సగం దూరం ఎక్కి ఉంది. ఎవరూ తోయడం లేదు. ఎవరూ కాలు పట్టి లాగడం లేదు. దాహంతో ఉన్న మంద క్రమంగా, బడి పిల్లల్లా ఎక్కుతోంది. కాటమరాజు పలక ముందు అడ్డం పడ్డాడు. అరిచాడు. నోరు తెరుచుకుంది, గాలి మాత్రం మెడలోంచి సుయ్యిమని పోయింది. గిట్టలు ఆయన చేతుల మీదుగా, నడుము మీదుగా నడిచాయి. అవి ఆయన మీద కోపంతో తొక్కలేదు. ఆయన పిలిచాడని తొక్కాయి.

నేల మీద పడి ఫోను తడుముకున్నాడు. ఆయన దగ్గర ఉన్న 'వద్దు' ఒక్కటే. దాన్ని నొక్కాడు.

"నాకు ఇప్పుడు అన్నం వద్దండి" అంది పట్నం ఆడగొంతు, చాలా మర్యాదగా.

మళ్లీ నొక్కాడు. "నాకు ఇప్పుడు అన్నం వద్దండి."

డ్రైవరు ముందు నవ్వాడు. వెంకటస్వామి నవ్వు ఆపుకోవాలని చూసి ఆపుకోలేకపోయాడు. "తినకుంటే మానె, లెయ్ మామా! పలక అడ్డం పడినావు." రమణ కూడా నవ్వాడు. తర్వాత ముఖం తిప్పుకున్నాడు. తలపాగా లేదు గనక జుట్టు సర్దుకున్నాడు.

మందంతా ఎక్కి, పలక ఎత్తి గొళ్లెం పెట్టడానికి పావుగంట కూడా పట్టలేదు. "ఆ కూత నాకూ పంపబ్బాయ్" అన్నాడు వెంకటస్వామి. రమణ అక్కడే పంపాడు.

ఆ సాయంత్రం కవిత మామ కాళ్ల దగ్గర కూర్చుని, తన ఫోనులోంచి, రమణ ఫోనులోంచి ఆ కూతను తీసేసింది. తీసేసినట్టు ఆయనకు చూపించింది. కాటమరాజు ఖాళీ అయిన అద్దాన్ని చూసి వేలును రోడ్డు వైపు చాపాడు. లారీ పోయిన వైపు. అక్కడిది తీయడం ఆమె చేతిలో లేదు.

మిగతా గొర్రెలు పోవాల్సిన చోటికి పోయాయి. బొల్లిని మాత్రం వెంకటస్వామి కోయనివ్వలేదు. దాన్ని లారీలోనే ఉంచుకుని కొనకనమిట్ల నుంచి గిద్దలూరు దాకా ఊరూరూ తిప్పాడు. కొన్న మంద ముందు దాన్ని దింపేవాడు, లోపల స్పీకరు మోగించేవాడు. బొల్లి తిరిగి పలక ఎక్కేది. ఎరగని గొర్రెలు దాని తోక పట్టుకుని ఎక్కేవి. నడుము మిగిలిందని వెంకటస్వామి అందరికీ చెప్పుకున్నాడు. బొల్లికి ఒళ్లు వచ్చింది.

వేసవి చివర లారీ మళ్లీ ఈ ఊరికే వచ్చింది, నాగులు అంగడి వెనక వాళ్ల మందకు. లారీ ఆగిన చప్పుడుకు అంగడిలోని వాళ్లు చూస్తుండగానే కాటమరాజు బల్ల మీది నుంచి లేచాడు. అంగడిలో గ్లాసులు కడిగే బకెట్లు రెండూ తీసుకుని, బోరు దగ్గర నింపి, నీళ్లు తొణుకుతుండగా లారీ వైపు నడిచాడు.

బొల్లి దిగి నిలబడి ఉంది. ఆయన దాని ముందు బకెట్లు దించి నుదుటి తెల్లమచ్చ మీద చేయి వేశాడు. అది చేయి వాసన చూసి, తల విదిలించి, లారీ వైపు చెవులు తిప్పింది. ఆయన మళ్లీ బకెట్లు ఎత్తాడు. పలక ఎక్కి లోపలి చివరికి పోయి, స్పీకరు కింద ఉన్న ఇనుప తొట్టిలో నీళ్లు పోశాడు. దిగి బోరుకు పోయి ఇంకో రెండు తెచ్చాడు. ఇంకో రెండు. మెడలో బుస పెరిగింది. తొట్టి నిండేదాకా ఆగమని వెంకటస్వామికి అరచేయి చూపించాడు.

"కోతకు పోయేదానికి నీళ్లేందన్నా?" అని అరిచాడు నాగులు. "నా బకెట్లు యాడ పెట్టినావు?"

తొట్టి నిండింది. కాటమరాజు దిగి పక్కకు తప్పుకుని, సరే అన్నట్టు తల ఊపాడు.

కూత మోగింది. వణుకు, పొడవాటి 'ఓ', రెండు టకటకలు. బొల్లి ఎక్కింది, మంద ఎక్కింది. పిలిచిన చోట నీళ్లున్నాయి. ఎండలో నిలబడి ఆయన గుటకల చప్పుడు విన్నాడు, ఒక్కో గొర్రెదీ, చివరిది తాగేదాకా.

వెంకటస్వామి పలక ఎత్తుతూ ఏదో లెక్క తట్టినవాడిలా ఆగాడు.

"నీళ్లెందుకో ఇప్పుడు తెలిసిందిరా నాగులూ! నేను కొనేది కంటిమాపున, అక్కడ అమ్మేది తూకానికి. కడుపు నిండా తాగితే తలా రెండు కేజీలు ఎక్కువ తూగుతాది. ఇన్నాళ్లు నాకు తట్టనే లేదు." కాటమరాజు భుజం మీద చరిచాడు. "రమణకు చెబుతాలే మామా. రేపటి నుంచి నువ్వు కూడా లారీ ఎక్కు."